రేవు వెనుక ఏరు

ఓడరేవు అనగానే మన కళ్ళకు కట్టేవి ఓడలు, క్రేనులు, గోదాములు, సుంకపు కచేరీలు. ఏ ఊళ్ళో ఓడ ఆగుతుందో ఆ ఊరినే రేవు అంటాం, దాని చరిత్రంతా ఆ తీరం మీదే జరిగిందనుకుంటాం. వేలూరు, గుడియాత్తం ప్రాంతాల వాళ్ళకు ఈ మాట ఎక్కడో దూరాన ఉన్న విషయంలా తోచవచ్చు. ఇక్కడ సముద్రం లేదు, పడవ నడిచే నీళ్ళూ లేవు. ఊరి పక్కనున్న పాలారులో ఏడాదిలో ఎక్కువ నెలలు కనిపించేది ఇసుకే. అయినా ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. రెండు వేల ఏళ్ళుగా మనకు తూర్పునున్న తీరాన వెలసిన రేవులను సాకింది ఈ పాలారు లోయే. వాసవసముద్రం, సదరాస్, చివరికి మద్రాసు, వీటిలో ఏదీ తన ఒడ్డు బలం మీద బతకలేదు. వెనకనున్న పొలం, మగ్గం, అద్దకపు తొట్టి, తోలు గుంత పంపిన సరుకు మీద బతికింది. ఆ సరుకు ఏటి నీటి మీద ఆధారపడింది. కాబట్టి రేవు ఆదాయాన్ని లెక్కగట్టేటప్పుడు ఏటిని కూడా ఆ రేవు ఆస్తుల్లో చేర్చాలి. దాన్ని కాపాడే ఖర్చును ఎగుమతి ఖర్చులో భాగంగా ఒప్పుకోవాలి. ఈ మాట న్యాయమైనదే కాక, చరిత్ర రుజువు చేసినది కూడా అని చూపడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా ఏటి సంగతి. పాలారు కర్ణాటకలో నందికొండల వైపు పుట్టి అక్కడ 93 కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్‌లోని కుప్పం ప్రాంతంలో 33 కిలోమీటర్లు, తమిళనాడులో 222 కిలోమీటర్లు, మొత్తం 348 కిలోమీటర్లు ప్రవహించి వాయలూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. పలమనేరు వైపు నుంచి దిగివచ్చే కౌండిన్య నది గుడియాత్తం ఊరి మధ్యగా పారి దానిలో కలుస్తుంది. చిత్తూరు జిల్లా నీళ్ళు తెచ్చే పొన్నై, దక్షిణం నుంచి వచ్చే చెయ్యారు కూడా దీని ఉపనదులే. ఈ ఏటి స్వభావం గోదావరి, కృష్ణల స్వభావం కాదు. దీని సంపద పైకి కనిపించదు, ఇసుక కింద దాగి ఉంటుంది. పూర్వీకులు అది గ్రహించి ఏటి గర్భంలో ఊటకాలువలు తవ్వారు. పైన ఎండిన ఏటి నుంచే ఎండాకాలంలో కూడా నీళ్ళు తీసి పొలాలకు పారించారు. వరద వచ్చిన నాలుగు రోజుల నీటిని ఏడాది పొడుగునా వాడుకోవడానికి చెరువులు కట్టారు. పల్లవుల కాలం నాటి కావేరిపాక్కం చెరువు ఈనాటికీ తమిళనాడులోని అతి పెద్ద చెరువుల్లో ఒకటి, దానికి నీరిచ్చేది పాలారే. ఊటకాలువలు, చెరువులు, బావులు కలిసి వానకు కరువైన ఈ నేలను వరి పండే నేలగా మార్చాయి. తిండి గింజలు మిగిలిన చోట సేద్యం చేయని మనిషి కూడా బతకగలడు. నేతగాడు, అద్దకందారు, కమ్మరి, వర్తకుడు ఊళ్ళో నిలిచారంటే అర్థం అదే. రేవుకు సరుకు పంపగల శక్తి ఈ లోయకు అలా వచ్చింది.

ఆ సరుకు సముద్రం చేరిన మొదటి గుర్తు ఏటి ముఖద్వారంలోనే దొరికింది. పాలారు సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో వాసవసముద్రం అనే చిన్న ఊరుంది. 1970 ప్రాంతంలో తమిళనాడు పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపినప్పుడు ఉంగరపు బావులతో పాటు రోము వ్యాపారానికి సాక్ష్యమిచ్చే ద్రాక్షసారాయి జాడీల ముక్కలు, చక్రపు గీతలున్న నునుపు పాత్రల పెంకులు బయటపడ్డాయి. అంటే క్రీస్తు శకం తొలి శతాబ్దాల నాటికే ఇది విదేశీ సరుకు దిగిన రేవు. కంచిని ఏలిన తొండైమాన్ ఇళందిరయన్‌ను కీర్తించే పెరుంబాణాట్రుప్పడై అనే సంగ కావ్యం నీర్ప్పెయర్రు అనే రేవును, గుర్రాలు తెచ్చిన ఓడలను, నావికులకు దారి చూపే దీపపు మేడను వర్ణిస్తుంది. ఆ రేవు వాసవసముద్రమే అని కొందరు, మహాబలిపురం అని మరికొందరు పండితులు అంటారు. ఏది నిజమైనా రెండూ పాలారు దిగువ మైదానపు రేవులే, రెండింటి వెనకా ఉన్నది కంచి పట్టణమే. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ కంచికి వచ్చాడు. అక్కడి నుంచి సింహళానికి మూడు రోజుల ఓడ ప్రయాణమని ఆయన జీవిత చరిత్ర చెబుతుంది. సముద్రానికి ఎంతో లోపలున్న కంచిని ఆనాటి వాళ్ళు ఓడ ఎక్కే చోటుగా భావించారంటే, వాళ్ళకు రేవు అన్నది ఒక్క ఒడ్డు పేరు కాదని, ఒడ్డు నుంచి పట్టణం దాకా సాగిన మొత్తం వ్యవస్థ పేరని తెలుస్తుంది.

ఇక్కడ మొదటి ఆక్షేపణ వస్తుంది. పడవ నడవని ఏటి ముఖాన ఉన్న ఊరిని నదీ రేవు అనడం సరైనదేనా అని. నదీ రేవు అంటే గోదావరి పాయ మీది కోరంగిలా ఉండాలి కదా, అక్కడ లోపలి సరుకు పడవల మీద దిగేది, ఓడలు కట్టేవారు, 1802లో ఓడల మరమ్మతుకు పొడి రేవు కూడా కట్టారు అని వాదించవచ్చు. ఆ మాట నిజమే. అయితే కోరంగి కథే నా వాదానికి బలమిస్తుంది. పడవలు నడిపిన గోదావరే తన వెంట తెచ్చిన ఒండ్రుతో ఆ రేవును పూడ్చింది, 1789లోనూ 1839లోనూ వచ్చిన తుపానులు దాన్ని దెబ్బతీశాయి, ఓడల రాకపోకలు కాకినాడకు మళ్ళాయి. రేవు పోయినా గోదావరి మండలపు వ్యాపారం పోలేదు. ఎందుకంటే ఆ వ్యాపారానికి మూలం పడవ దారి కాదు, ఏటి నీళ్ళతో పండిన నేల. పాలారు విషయంలోనూ అంతే. ఇక్కడ ఏరు సరుకును మోయలేదు, సరుకును పుట్టించింది, దాని లోయ బళ్ళకూ పెరికెడ్లకూ దారి అయింది. మైసూరు పీఠభూమి నుంచి కనుమలు దిగే బాటలు చాలా ఈ లోయలోకే చేరతాయి. వేలూరు కోట అక్కడే ఎందుకు వెలసిందో, దాని కోసం బిజాపురం సుల్తానులు, మరాఠాలు, నవాబులు, ఆంగ్లేయులు ఎందుకు కొట్లాడారో ఆ బాటలు చూస్తే బోధపడుతుంది. కోట కాచింది కొండ దారిని, ఆ దారి చేరేది సముద్రానికి.

ఇక యూరప్ వర్తకుల కాలానికి వద్దాం. పదహారో శతాబ్దం చివర, పదిహేడో శతాబ్దం మొదట్లో చంద్రగిరి, వేలూరు కోటల నుంచి పాలించిన అరవీటి రాజు వెంకటపతిరాయలు 1610లో డచ్చి కంపెనీకి పులికాట్‌లో వ్యాపారానికి అనుమతి ఇచ్చాడు. సాన్‌థోమ్‌లో ఉన్న పోర్చుగీసులకు అది గిట్టలేదు, దాడి చేశారు. 1613 నాటికి పులికాట్‌లో గెల్డ్రియా కోట లేచింది, 1690 దాకా ఈ కోరమాండల్ తీరంలో డచ్చి వారి ముఖ్య స్థావరం అదే. పులికాట్‌తో పాటు పాలారు ముఖద్వారం పక్కనే ఉన్న సదరాస్‌లో, అంటే చదురంగపట్టణంలో, సన్నని బట్టల కోసం వాళ్ళు మరో కోట కట్టుకున్నారు. వాళ్ళకు ఈ బట్ట ఎందుకంత అవసరమైంది? ఇండోనేసియా దీవుల్లో లవంగాలు, జాజికాయ కొనాలంటే అక్కడి వాళ్ళు వెండి కన్నా కోరమాండల్ అద్దకపు బట్టను ఇష్టంగా తీసుకునేవారు. అంటే ఆమ్‌స్టర్‌డామ్‌లో అమ్ముడైన లవంగం వెనక ఈ తీరపు మగ్గం ఉంది. ఆ బట్టకు పత్తి లోపలి నల్లరేగళ్ళ నుంచి వచ్చేది, ఎర్ర రంగు చిరివేరు నుంచి, నీలం నీలిమందు నుంచి వచ్చేవి. అద్దిన బట్టను మళ్ళీ మళ్ళీ పారే నీళ్ళలో జాడించాలి, ఇసుక తిన్నెల మీద ఆరబెట్టాలి. విజయనగర కాలంలో తెలుగు దేశం నుంచి వచ్చి స్థిరపడిన దేవాంగులు, పద్మశాలీలు, వాళ్ళ పక్కనే తమిళ సెంగుందర్లు ఈ ఊళ్ళలో మగ్గాలు పాతారు. నేతకు మనిషి కావాలి, మనిషికి గింజ కావాలి, గింజకూ రంగుకూ నీళ్ళు కావాలి. ఈ గొలుసులో తొలి కడియం ఏరు, చివరి కడియం రేవు.

మద్రాసు పుట్టుక ఈ సంగతిని అన్నిటికన్నా గట్టిగా చెబుతుంది. ఓడలు ఆగడానికి మద్రాసంత చెడ్డ చోటు మరొకటి వెదకడం కష్టం. ఆ తీరాన అఖాతం లేదు, లోతైన నదీ ముఖం లేదు, కూవం నది నోరు తరచూ ఇసుకతో మూసుకుపోయేది. ఓడలు దూరాన లంగరు వేస్తే మేకులు లేకుండా నారతో కుట్టిన మసూలా పడవలు అలల మీదుగా సరుకునూ మనుషులనూ దించేవి, ఎన్నో సార్లు నీళ్ళ పాలు చేసేవి. అయినా 1639 ఆగస్టు 22న ఆ ప్రాంతాన్ని ఏలిన దామెర్ల వెంకటప్ప నాయకుడి నుంచి ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే ఆ ఇసుక తీరానికే పట్టా తీసుకున్నాడు. అప్పటికే ఆంగ్లేయులకు నెల్లూరు తీరంలోని దుగరాజపట్నంలో కోట ఉంది. అది చాలక దక్షిణానికి ఎందుకు దిగారంటే మద్రాసు చుట్టుపక్కల మంచి బట్ట ఐదో వంతు చౌకగా దొరుకుతుందని డే లెక్క వేశాడు. రేవు చెడ్డదైనా సరుకు మంచిది కావడమే ఆ నిర్ణయానికి కారణం. కొత్త ఊరికి నేతగాళ్ళను, వర్తకులను రప్పించడంలో బేరి తిమ్మప్ప లాంటి తెలుగు దుబాసీలు, ఆ తరువాత 1680లో మరణించేదాకా కంపెనీకి ప్రధాన వర్తకుడిగా ఉన్న కాశీ వీరన్న ముఖ్య పాత్ర వహించారు. 1645లో కంపెనీ తన హక్కులను ఖాయం చేయించుకోవడానికి గ్రీన్‌హిల్ అనే అధికారిని అరవీటి రాజు శ్రీరంగరాయల దగ్గరికి వేలూరుకే పంపింది. తీరం మీది కోటకు చెల్లుబాటు కొండ కింది కోట నుంచి రావలసి వచ్చింది.

దీనికి రెండో ఆక్షేపణ ఉంది, దాన్ని తేలికగా తీసేయలేం. మద్రాసును పెంచింది లోయ కాదు, కంపెనీ ఫిరంగులూ అధికారమూ అని చరిత్రకారులు అనవచ్చు. సదరాస్ వెనక ఉన్నదీ ఇదే లోయ కదా, మరి అది ఎందుకు పడిపోయింది? 1782లో సదరాస్ ఎదుట సముద్రంలో ఫ్రెంచి, ఆంగ్ల నౌకాదళాలు పోరాడాయి, కోట చేతులు మారింది, చివరికి 1825లో డచ్చి వారు దాన్ని ఆంగ్లేయులకు వదిలారు. ఆ తరువాత అది పల్లెగా మిగిలింది. ఈ వాదంలో నిజముంది. పక్కపక్కనున్న ఒడ్డుల్లో ఏది గెలుస్తుందన్నది అధికారం తేలుస్తుంది. అయితే గెలిచిన ఒడ్డుకు ఎగుమతి చేయడానికి సరుకు ఉందా లేదా అన్నది అధికారం చేతిలో లేదు. దుగరాజపట్నంలో ఫిరంగులున్నా, కోట ఉన్నా కంపెనీ నిలవలేదు. సరైన బట్ట దొరకని చోట కోటకు పని లేదు. సదరాస్ పడిపోయినప్పుడు పాలారు లోయ వ్యాపారం పడిపోలేదు, మద్రాసు దారి పట్టింది. ఒడ్డులు మారుతున్నా వెనకనున్న లోయ మారలేదు. చరిత్రలో మారకుండా నిలిచిన అంశాన్నే మూలమని చెప్పుకోవడం తర్కానికి ఒప్పే పని.

తరువాత రైలు వచ్చింది. దక్షిణ భారతంలో తొలి రైలు 1856 జూలై 1న మద్రాసు రేవు పక్కనున్న రాయపురం నుంచి బయలుదేరి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని వాలాజా రోడ్డు చేరింది. మొదటి పట్టాలు వేయడానికి రైలు కంపెనీ ఎన్నుకున్న దిక్కు ఏదో గమనించండి, రేవు నుంచి పాలారు లోయకు. కారణం వాలాజాపేట. పద్దెనిమిదో శతాబ్దంలో నవాబు మహమ్మదాలీ వాలాజా పేరున వెలసిన ఆ ఊరు కనుమల పైనుంచి వచ్చే సరుకూ మద్రాసు నుంచి వెళ్ళే సరుకూ కలుసుకునే పెద్ద సంత. ఆ పైన పట్టాలు కాట్పాడి, గుడియాత్తం, ఆంబూరు మీదుగా సాగి 1862 నాటికి పడమటి తీరాన బేపూరు దాకా చేరాయి, 1864లో బెంగుళూరుకు శాఖ తెరిచారు. రైలు వచ్చాక వాలాజాపేట తగ్గింది, ఎందుకంటే సరుకు అక్కడ ఆగి చేతులు మారవలసిన అవసరం పోయింది. దీన్ని బట్టి కొందరు, రైలు, ఆ తరువాత లారీ వచ్చాక ఏటితో పని తీరిపోయింది, రేవుకు కావలసింది రోడ్డే అంటారు. ఇది మూడో ఆక్షేపణ. రైలు రవాణాను మార్చిన మాట వాస్తవం. సరుకు తయారీలో నీటి అవసరాన్ని మాత్రం అది తగ్గించలేదు, పెంచింది. మద్రాసుకు 1861 ప్రాంతంలో ఇనుప వంతెన రేవు, 1875లో పునాది వేసిన కృత్రిమ నౌకాశ్రయం వచ్చాయి. 1881 తుపాను ఆ గోడలను కూల్చినా మళ్ళీ కట్టారు. రేవు పెద్దదైన కొద్దీ లోయ నుంచి అడిగే సరుకు పెరిగింది. ఆ సరుకుల్లో ముఖ్యమైనది తోలు.

తోలుకు ఈ లోయ ఎందుకు నిలయమైందో కూడా నీరే చెబుతుంది. పూర్వం తోళ్ళను పదును చేసింది తంగేడు పట్టతో, కరక్కాయతో. తంగేడు ఈ మెట్ట నేలల్లో విరివిగా పెరుగుతుంది, నీళ్ళు పాలారు ఇసుక కింద దొరికేవి, రేవు రైలు దూరంలో ఉంది. మూడూ కలిసిన చోట, అంటే రాణిపేట, మేల్విషారం, ఆంబూరు, వాణియంబాడి, గుడియాత్తం పక్కనున్న పేర్ణాంబట్టు ఊళ్ళలో టానరీలు వెలిశాయి. సగం పదును చేసిన తోళ్ళు మద్రాసు రేవు గుండా లండనుకు వెళ్ళేవి. స్వాతంత్ర్యం తరువాత ఈ పరిశ్రమకు శాస్త్రాన్ని జోడించినవారిలో అగ్రగణ్యుడు మన తెలుగువాడు, నాటి గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. 1948లో మద్రాసులో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థకు ఆయన 1958 నుంచి సంచాలకుడిగా ఉండి, పరిశోధనను ప్రయోగశాల గోడలు దాటించి చిన్న టానరీ ముంగిటికి చేర్చాడు. 1972 నాటి సీతారామయ్య సంఘం సిఫారసు మేరకు పచ్చి తోళ్ళు, సగం పదును చేసిన తోళ్ళ ఎగుమతిని కట్టడి చేసి, పూర్తయిన తోలూ చెప్పులూ సంచులూ ఎగుమతి చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. దేశానికి డబ్బు పెరిగింది, ఊళ్ళలో పని పెరిగింది. ఆంబూరు, రాణిపేట ఫ్యాక్టరీల్లో వేలాది మంది ఆడవాళ్ళకు జీతం వచ్చింది. అయితే తంగేడు పట్ట స్థానంలో క్రోమియం వచ్చింది. అంతకు ముందు లండను శివారులో వదిలే మురుగు కూడా ఇప్పుడు పాలారు ఒడ్డునే వదిలే పరిస్థితి వచ్చింది. ఎగుమతి విలువ రేవు లెక్కల్లో పెరిగింది, దాని మురుగు ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

ఆ లెక్క ఎక్కవలసి వచ్చింది న్యాయస్థానంలో. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పింది. టానరీల ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగు భూమి కొంతగానో పూర్తిగానో సేద్యానికి పనికిరాకుండా పోయిందని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సర్వే తేల్చిన సంగతి ఆ తీర్పులో ఉంది. ఏటిని చెరిచినవారే దాన్ని బాగుచేసే ఖర్చు భరించాలన్న సూత్రం, హాని జరిగే ప్రమాదం ఉంటే పూర్తి రుజువు కోసం ఆగకుండా ముందే జాగ్రత్త పడాలన్న సూత్రం, ఈ రెండూ భారత చట్టంలో భాగమని ప్రకటించిన తీర్పు అది. దేశంలో ఏ మూల పర్యావరణ వ్యాజ్యం నడిచినా న్యాయవాదులు ఈనాటికీ వేలూరు పేరు ఎత్తుతారు. సామూహిక మురుగు శుద్ధి కేంద్రాలు వచ్చాయి, శుద్ధి చేసిన నీటిని మళ్ళీ వాడుకోవాలన్న నియమాలు వచ్చాయి. అయినా రాణిపేటలో మూతపడ్డ క్రోమేటు కర్మాగారం వదిలిన లక్షన్నర టన్నులకు పైబడిన వ్యర్థం దశాబ్దాలు అక్కడే పడి ఉంది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు మళ్ళీ పాలారు కాలుష్యం మీదే తీర్పు చెప్పి, నష్టపోయిన వాళ్ళకు పరిహారం ఇస్తే సరిపోదనీ, ఏటికి జరిగిన నష్టాన్ని సరిదిద్దేదాకా కాలుష్యకారుల బాధ్యత తీరదనీ స్పష్టం చేయవలసి వచ్చింది. దాదాపు ముప్పై ఏళ్ళ ఎడంతో రెండు తీర్పులు ఒకే మాట చెప్పాయంటే, ఆ మాట లెక్కల పుస్తకాల్లోకి ఇంకా దిగలేదని అర్థం.

ఇప్పుడు అన్నిటికన్నా బరువైన ఆక్షేపణకు వస్తాను. ఏటి ఖర్చు ఎగుమతి మీద వేస్తే సరుకు ధర పెరుగుతుంది, కొనేవాళ్ళు వేరే దేశానికి పోతారు, పని పోయేది పేదవాడికే అంటారు. ఇది అన్నం పెట్టే పని గురించిన భయం, కాబట్టి మర్యాదగా వినవలసిన మాట. కానీ జరిగిన చరిత్ర వేరే చెబుతోంది. తోళ్ళు బూజు పట్టకుండా వాడే పెంటాక్లోరోఫినాల్ అనే రసాయనాన్ని జర్మనీ 1989లో నిషేధించింది, 1994లో కొన్ని అజో రంగులను నిషేధించింది. అప్పుడూ పరిశ్రమ పోతుందనే అన్నారు. తోలు పరిశోధన సంస్థ సాయంతో టానరీలు రసాయనాలు మార్చుకున్నాయి, మార్కెట్టులో నిలిచాయి. బెర్లిను కొనుగోలుదారుడి చర్మాన్ని కాపాడటానికి మార్చుకోగలిగిన పద్ధతిని వాణియంబాడి బావిని కాపాడటానికి మార్చుకోలేమనడం న్యాయం కాదు. పైగా ఏరు చెడితే ముందు దెబ్బతినేది కూడా పేదవాడే. బావి చెడిన రైతు, ఉప్పునీళ్ళు తాగే కూలీ, మంచినీళ్ళు కొనుక్కునే నేతగాడు ఈ ఎగుమతికి ఇప్పటికే సబ్సిడీ ఇస్తున్నారు. ఆ సబ్సిడీకి రసీదు లేదు, అంతే తేడా. గుడియాత్తం లుంగీకి రంగు వేసే చోటా ఇదే సమస్య చిన్న ఎత్తున ఉంది. కాబట్టి నేను అడిగేది కొత్త భారం కాదు, ఉన్న భారాన్ని మోయగలిగిన భుజాల మీదికి మార్చమని.

పాలారు ఎండిపోవడానికి టానరీలు కాక ఎగువ రాష్ట్రాలు కారణమనే వాళ్ళూ ఉన్నారు. కోలారు బంగారు గనుల కోసం బేతమంగళ చెరువు నీళ్ళు తోడారు, కర్ణాటక చెరువులు కట్టింది, మన కుప్పం ప్రాంతంలో చెక్‌డ్యాములు కట్టారు, 1892 నాటి మద్రాసు, మైసూరు ఒప్పందం నుంచి నేటి సుప్రీంకోర్టు వ్యాజ్యాల దాకా తగవు సాగుతూనే ఉంది. ఇది కూడా వాస్తవమే. దిగువన ఇసుక తవ్వకం చేసిన హాని కూడా దీనికి తక్కువేమీ కాదు. ఏటి నీటిని పట్టి ఉంచేది ఇసుకే కాబట్టి, ఆ ఇసుక చెన్నై మేడల్లో కలిసిపోయిన కొద్దీ ఊటకాలువల ప్రాణం పోయింది. ఈ కారణాలన్నీ కలిపి చూస్తే తేలేది ఒకటే. మూడు రాష్ట్రాలూ, పరిశ్రమా, నగరమూ ఒకే ఏటి మీద ఎవరి లెక్క వాళ్ళు రాసుకుంటున్నారు, మొత్తం లెక్క రాసేవాళ్ళు లేరు. ఆ మొత్తం లెక్క అడగగల అర్హత, అవసరం ఉన్నది రేవుకు, దాని నగరానికి.

ఇలా చేసిన రేవు ప్రపంచంలో ఉంది. రైన్ నది ముఖాన ఉన్న రాటర్‌డామ్ యూరప్‌లో అతి పెద్ద రేవు. ఎగువన జర్మనీ, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ కర్మాగారాలు వదిలిన భారలోహాలు ఆ రేవు అడుగు బురదలో చేరాయి. ఓడల కోసం ఏటా ఆ బురదను తోడాలి, విషం కలిసిన బురదను సముద్రంలో పారేయడానికి వీల్లేదు, వేరే గట్టు కట్టి దాచాలి, దానికి విపరీతమైన ఖర్చు. అప్పుడు రాటర్‌డామ్ నగరం తన ఇంట్లో కూర్చోలేదు. ఏ కర్మాగారం ఎంత వదులుతోందో పరిశోధన చేయించి, దావా వేస్తామని హెచ్చరించి, ఎగువ కంపెనీలతో ఒప్పందాలు చేసుకుంది. 1950 నుంచే ఆ నదీ దేశాలకు ఉమ్మడి సంఘం ఉంది. 1986 నవంబరులో బాసెల్ దగ్గర రసాయన గోదాము తగలబడి నది విషమయమయ్యాక ఆ దేశాలు 1987లో కార్యక్రమం రాసుకుని, సాల్మన్ చేపలు మళ్ళీ ఏటిలోకి రావడమే గీటురాయిగా పెట్టుకున్నాయి. చేపలు వచ్చాయి. కర్మాగారాలు మూతపడలేదు, రేవు తగ్గలేదు. రేవు తన ఏటి బాగోగులు తన బాధ్యత అనుకున్నప్పుడు ఏమి సాధ్యమో దీన్ని బట్టి తెలుస్తుంది.

మనకూ సాధ్యమే, దానికి కొన్ని పనులు కావాలి. చెన్నై రేవు గుండా వెళ్ళే తోలు సరుకు మీద, దాని పక్కనున్న ఎన్నూరు రేవు సరుకు మీద, ఏటి పునరుద్ధరణకు ఒక చిన్న వాటా నిర్ణయించి అది పాలారు లోయలోనే ఖర్చయ్యేలా చట్టం చేయాలి. శుద్ధి కేంద్రాల నీటి నాణ్యతను, దిగువ బావుల ఉప్పదనాన్ని ప్రతి నెలా ఊరి పంచాయతీ గోడ మీద తెలుగులోనూ తమిళంలోనూ ఉర్దూలోనూ ప్రకటించాలి, ఎందుకంటే ఈ లోయ మూడు భాషల్లో బతుకుతుంది. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు కలిసి పాలారుకు ఒక ఉమ్మడి సంఘం ఏర్పరచుకోవాలి. ఊటకాలువలను, చెరువు తూములను మళ్ళీ తెరవాలి. ఇది ఊహ కాదు. వేలూరు జిల్లాలోని నాగనది మీద ఉపాధి హామీ పనుల కింద వేలాది మంది ఆడవాళ్ళు ఇంకుడు బావులు కట్టి భూగర్భ జలాన్ని పైకి తెచ్చారు. 2021 నవంబరులో పాలారు, కౌండిన్య నదులు పొంగి గుడియాత్తంలో ఇళ్ళను ముంచినప్పుడు ఈ ఏరు చచ్చిపోలేదని అందరికీ తెలిసింది. ఆ నీళ్ళను ఇసుక కింద నిలబెట్టుకోవడం మన చేతిలో ఉన్న పని.

రెండు వేల ఏళ్ళలో ఈ తీరాన రేవులు ఎన్నో మారాయి, వాటి జెండాలూ మారాయి. మారనిది ఒక్కటే, రేవుకు పోయే సరుకు ఏటి ఒడ్డున తయారవుతుంది. వాసవసముద్రం, సదరాస్ ఒడ్డులు పోయినప్పుడు లోయ మిగిలింది కాబట్టి కొత్త ఒడ్డు దొరికింది. లోయే పోతే దానికి బదులుగా తెచ్చుకోవడానికి మరో లోయ లేదు. అందుకే రేవు ఆదాయంలో ఏటికి వాటా ఉందన్నది దయతో ఇవ్వవలసిన దానం కాదు, చాలా కాలంగా చెల్లించని అప్పు. చట్టసభలో, వర్తక సంఘంలో, పంచాయతీలో ఆ అప్పును గుర్తు చేయవలసినవాళ్ళం దాని ఒడ్డున ఉన్న మనమే.